అంకెలు చదివే గొంతు

ఇప్పుడు నేను చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధం లేదు. నా పళ్ళ మీద ఒట్టు. ఉన్నవి మూడే కదా అని నవ్వకు అమ్మాయ్, మూడూ నా సొంతవి. ఒక్క ముక్క కల్పించానంటే మూడూ ఈ కాఫీ కప్పులోనే రాలి పడాలి.

హిల్కాని నువ్వు చూసే ఉంటావు. రోడ్డు మలుపులో ఉన్న లేతు షాపులో పనిచేసేది. పొడుగు మనిషి, మాట తక్కువ. తక్కువంటే మామూలు తక్కువ కాదు. పుట్టినప్పుడు కూడా ఏడవకుండా తల ఊపి ఊరుకుందని వాళ్ళమ్మ చెప్పేది. కానీ రాగి దిమ్మెని లేతుకి బిగించి తిప్పిందంటే, ఆ రాగి వెన్నలా తలవంచి ఏ రూపం కావాలంటే ఆ రూపంలోకి వచ్చేది. అంత నిబ్బరమైన చెయ్యి. ఆ చెయ్యే ఆవిడ ఆస్తి, ఆవిడ పేరు, ఆవిడ సర్వస్వం. ఈ కథంతా ఆ చెయ్యి గురించే.

కంప్యూటర్లలో ఆటలాడేవాళ్ళకి ఒక పిచ్చి ఉంది, నీకు తెలుసో లేదో. ప్రాసెసర్‌ని దాని తాహతుకు మించి పరిగెత్తిస్తారు. పరిగెత్తిన చిప్పు వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి ఫ్యాన్లు పెడతారు, నీళ్ళ గొట్టాలు పెడతారు. హిల్కా లాంటివాళ్ళకి అవన్నీ పసిపిల్లల గిలక్కాయలు. వాళ్ళు చిప్పు నెత్తిన రాగి కుండ బిగించి, అందులో ద్రవ నత్రజని పోస్తారు. సున్నాకి కింద నూట తొంభై ఆరు డిగ్రీల చలి అది. నాకు కొత్తేం కాదు. మా ఆవులకి మంచి ఎద్దు విత్తనం తెచ్చే డాక్టరు అలాంటి క్యానులోనే తెచ్చేవాడు. ఒకసారి అందులోంచి ఒక్క చుక్క నా నీడ మీద పడింది, వారం రోజులు నా నీడ కుంటింది.

ఆ ద్రవం తక్కువ పోస్తే చిప్పు మాడిపోతుంది. ఎక్కువ పోస్తే చలికి బిగుసుకుపోయి ఆగిపోతుంది, స్క్రీన్ నల్లబడుతుంది. మధ్యలో వెంట్రుకంత దారి. ఆ దారిలో నడిపించి ఎవరు ఎక్కువ వేగం రాబడితే వాళ్ళది రికార్డు.

ఆవుల్ని అమ్మేశాక నా పాలగది ఖాళీగా పడి ఉండేది. మూరెడు మందం గోడలు, ఒక చిన్న కిటికీ, ఒక బరువైన తలుపు. హిల్కా అడిగితే ఇచ్చాను. అద్దె బదులు నా వాకిట్లో పేరుకున్న మంచు తోసిపెట్టేది. ఆవిడతో పాటు కౌకో కూడా వచ్చేవాడు. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. హిల్కా మాట్లాడవలసిన మాటలన్నీ వాడే మాట్లాడేవాడు. వాడి నోరు మూతపడగా చూసినవాళ్ళు ఈ ఔలు ఊరి చుట్టుపక్కల ఎవరూ లేరు.

వాళ్ళకొక పద్ధతి ఉండేది, వినుకో. హిల్కా పోసేది, కౌకో చదివేవాడు. ఫ్లాస్కు వంచి సన్నటి ధారగా పోస్తున్నంతసేపూ హిల్కా కళ్ళు కుండ మీదనుంచి కదలకూడదు. ఒక్క రెప్పపాటు తల ఎత్తినా ధార లావెక్కుతుంది. అందుకని స్క్రీన్‌ని కౌకో వైపు తిప్పి పెట్టేవాళ్ళు. వాడు టెంపరేచర్ చూసి సున్నాకి కింద ఎన్ని డిగ్రీలో ఆ అంకె చెప్పేవాడు, ఆవిడ చెవితో విని చేత్తో పోసేది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పోసేటప్పుడు ఆవిడ స్క్రీన్ చూడలేదు. మిగతా జట్లవాళ్ళు ఇది పిచ్చి అనేవాళ్ళు. వాళ్ళు పోసేవాడికి ఒక స్క్రీన్, చదివేవాడికి ఒక స్క్రీన్ పెట్టుకునేవాళ్ళు. అయినా వీళ్ళిద్దరి ముందు ఓడిపోయేవాళ్ళు.

వాకిట్లో నిలబడితే నాకు లోపలి మాటలు వినబడేవి.

"నూట అరవై దగ్గర కూర్చుంది నీ కుండ. ఏమే, నిద్రపోతున్నావా?"

"నోరు మూసి అంకె చెప్పరా."

"అంకె చెప్పాలంటే నోరు తెరవాలి కదే."

అంతే, హిల్కా ముక్కుతో ఒక చిన్న గాలి వదిలేది. అది ఆవిడ నవ్వు.

ఒకే అచ్చులో పోసినా చిప్పులన్నీ ఒకలా ఉండవు. కొన్ని ఊరికే గడ్డకట్టి చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటి మాత్రం ఎంత చలినైనా తట్టుకుని పరిగెత్తుతుంది. దాన్ని వాళ్ళు మేలిమి చిప్పు అంటారు. దాని కోసం ఆ ఇద్దరూ ఒక చలికాలమంతా నా పాలగదిలో చిప్పు తరవాత చిప్పు పరీక్షించారు. చివరికి దొరికింది. ఆ రోజు హిల్కా పళ్ళు కనబడేలా నవ్వింది. రాబోయే పదేళ్ళ నవ్వు ఒక్క పూటలో నవ్వేసింది. నా కోళ్ళు బెదిరిపోయి మూడు రోజులు గుడ్లు పెట్టలేదు.

వసంతంలో తంపెరె పట్నంలో పోటీ. పెద్ద హాలు, వందల మంది జనం. నేను చెబితే వేలు అని చెబుతాను, కానీ ఒట్టేశాను కదా. మేలిమి చిప్పుని కౌకోయే జేబులో పెట్టుకుని తీసుకెళ్ళాడు, వాడే బిగించాడు. హిల్కా ఫ్లాస్కు ఎత్తింది. కౌకో చదవడం మొదలెట్టాడు. నూట డెబ్బై. నూట ఎనభై. నూట ఎనభై అయిదు, చాలు, ఆపు. నూట ఎనభై అయిదు, అలాగే ఉంది, పొయ్యకు. ఆవిడ ఆపింది. వాడి గొంతు పాలమీగడలా నున్నగా ఉంది.

అప్పుడు కాలిన వాసన వచ్చింది. చిప్పు మాడిపోయింది.

కౌకో అరవలేదు, విసుక్కోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేటంత మెల్లగా అన్నాడు, "చెయ్యి వణికింది. పాపం, ఎవరికైనా వణుకుతుంది."

హిల్కా తన చెయ్యి వంక చూసుకుంది. చూడు అమ్మాయ్, అక్కడ ఉంది అసలు సంగతి. ఆ చెయ్యి వణకలేదని ఆ చేతికి తెలుసు. అయినా ఆవిడ చేతిని నమ్మలేదు, వాడి గొంతుని నమ్మింది. పదకొండేళ్ళ అలవాటు.

ఆ తరవాత ఏ పోటీలోనూ ఎవరూ ఆవిడ చేతికి ఫ్లాస్కు ఇవ్వలేదు. ఎక్కడికి వెళ్ళినా కుర్రాళ్ళు ఆవిడకి కాఫీ సగం కప్పే పోసి ఇచ్చేవాళ్ళు, ఒలికిపోతుందని. కాఫీ వల్ల వణుకు వస్తుందేమోనని కాఫీ మానేసింది. ఈ దేశంలో కాఫీ మానడమంటే ఊపిరి మానడమే. లేతు షాపులో పని అయ్యాక చెయ్యి చాపి, వేలిగోళ్ళ మీద నీళ్ళ చుక్క పెట్టుకుని, అది కదులుతుందా అని చూసుకుంటూ కూర్చునేది. చుక్క కదిలేది కాదు. అయినా నమ్మేది కాదు.

కౌకో మాత్రం జర్మనీలో ఒక డబ్బున్న జట్టులో చేరిపోయాడు. పోతూ పోతూ పాలగదిలోని వాడి సామానంతా తీసుకుపోయాడు. గదిలో గాలి తగ్గితే కూత పెట్టే చిన్న పెట్టె ఉండేది, అది కూడా. ఆ ద్రవం ఆవిరైతే గదిలో ఊపిరాడే గాలిని మెల్లగా బయటికి తోసేస్తుంది, వాసన ఉండదు, తెలియదు. అందుకే ఆ పెట్టె. అది నాది అన్నాడు, తీసుకుపోయాడు.

నడి వేసవిలో కబురొచ్చింది. కౌకో పోయాడని. అక్కడ ఏదో నేలమాళిగలో ఒక్కడే పోస్తూ, ఒక్కడే చదువుతూ, తలుపు మూసుకుని, ఊపిరాడక. చేతిలో ఫ్లాస్కు అలాగే ఉందట.

హిల్కా నా వంటింట్లో ఇదిగో ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. "నా చెయ్యి వణక్కపోతే వాడు ఇక్కడే ఉండేవాడు మామ్మా," అంది. వాడి చావు కూడా తన చేతికే అంటించుకుంది.

ఇక అసలు రోజు.

నవంబరు. ఇక్కడ నవంబరులో మధ్యాహ్నం కాఫీ వేళకే దీపాలు పెట్టుకోవాలి. ఆకాశం నల్లటి దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆ ఏడాది చలి ఎంతంటే, కుక్క మొరిగితే మొరుగుడు గాల్లోనే గడ్డకట్టి కింద పడేది, వసంతంలో కరిగితే గాని వినబడలేదు. హిల్కా ద్రవం నింపిన క్యానుతో వచ్చింది. మామూలు చిప్పే, మేలిమి కాదు. దాంతోనే ఆ తరగతి చిప్పుల రికార్డు కొట్టాలని. ఫోను గూట్లో నిలబెట్టి వీడియో తీస్తుందట. పోస్తున్న చెయ్యి, స్క్రీన్ మీది అంకె, రెండూ ఒకే బొమ్మలో కనబడాలి. చెయ్యి వణకలేదని నలుగురికీ చూపించాలి. అంతకుమించి ఆవిడకేమీ వద్దు.

కిటికీ తెరిచింది. తలుపు మూసుకుపోకుండా ఒక కట్టె దుంగ అడ్డం పెట్టింది. పాలగదిలో పాత పులిసిన పాల వాసన, తడి ఉన్ని వాసన, కాస్త ఇనుము వాసన. పైన బల్బు చుట్టూ పసుపు వెలుగు, మూలల్లో ఏమీ లేదు. మిషను ఆన్ చేసింది. ఫ్యాను గిర్రుమంది. స్క్రీన్‌ని తన వైపు తిప్పుకుంది.

పోసింది. స్క్రీన్ చూసింది. ధార లావెక్కింది. తల దించింది. సన్నం చేసింది. మళ్ళీ చూసింది. మళ్ళీ లావెక్కింది. పళ్ళు కొరుక్కుంది. పదకొండేళ్ళ అలవాటుని ఆ మెడ మానుకోలేకపోయింది. చివరికి ఫ్లాస్కు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు కుండ మీదే పెట్టి, ఊరికే పోసుకుంటూ పోయింది. ఎవరైనా చదివితే బాగుండునని మనసులో అనుకుందట. నాతో తరవాత చెప్పింది. అలా అనుకోకుండా ఉండవలసింది.

కుండ బుసకొడుతోంది. తెల్లటి పొగ అంచులు దాటి బల్ల మీదికి, బల్ల మీదనుంచి నేల మీదికి జారుతోంది.

"నలభై."

ఎడమ వైపు నుంచి. వాడెప్పుడూ నిలబడే చోటి నుంచి.

హిల్కా చెయ్యి వణకలేదు.

"యాభై అయిదు. ధార సన్నం చెయ్యి."

సన్నం చేసింది. చెయ్యి దానంతట అదే చేసింది.

"కౌకో?"

"డెబ్బై. బాగుంది. అలాగే."

తల తిప్పి చూడొచ్చు కదా అంటావు. నేనూ అదే అడిగాను. పోసేటప్పుడు తల తిప్పకూడదు మామ్మా, అంది. ఆ పిచ్చిది దెయ్యం ముందు కూడా పద్ధతి తప్పలేదు. పైగా నిజం చెప్పాలా, ఆవిడకి భయం కన్నా ముందు ఇంకోటి వచ్చింది. ప్రాణం కుదుటపడింది. మళ్ళీ ఎవరో చదువుతున్నారు. నెలల తరబడి బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నూరు. నూట పది. గొంతు అదే గొంతు, కాకపోతే వేళాకోళం లేదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి లేదు.

నూట ఇరవై దగ్గర ఆవిడ అడిగింది. గుసగుసగా.

"ఒరేయ్, ఒక్కటి చెప్పు. ఆ రోజు... నా చెయ్యి వణికిందా?"

కుండ బుసకొట్టింది.

"వణకలేదు."

"మరి?"

"అప్పుడు తొంభై దగ్గరే ఉంది. నేను నూట ఎనభై అయిదు అని చదివాను. నువ్వు ఆపేశావు. మాడిపోయింది."

"మన చిప్పుని... నువ్వే..."

"మన చిప్పు కాదు. అది వేరే చిప్పు. మనది నా జేబులో ఉంది."

హిల్కాకి ఏడుపు రాలేదట. చెవుల్లో మంచు కూరినట్టయిందట. వేలిగోళ్ళ మీద నీళ్ళ చుక్క గుర్తొచ్చింది. సగం కప్పుల కాఫీ గుర్తొచ్చింది. వాడి కోసం నా కుర్చీలో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. నట్టేట ముంచినవాడి కోసం తనే కన్నీళ్ళు పెట్టుకుంది.

"ఎందుకురా?"

"ఆ జర్మనీ వాళ్ళు చిప్పునే అడిగారు. నిన్ను అడగలేదు."

"నన్నడిగితే ఇచ్చేసేదాన్ని కదరా. తీసుకుపో అనేదాన్ని."

"తెలుసు. అందుకే అడగలేకపోయాను."

ఆ మాటకి ఫ్లాస్కు వాడి మొహాన కొట్టవలసింది. మొహం ఉంటే. కానీ గొంతు మళ్ళీ మెల్లగా అంది, "ఈసారి నిజం చదువుతాను. రికార్డు దగ్గరలోనే ఉంది. ఇది కొట్టావంటే నీ చెయ్యి గురించి ఎవరూ మాట్లాడరు. నీకు చెయ్యగలిగింది ఇదొక్కటే. పొయ్యి, హిల్కా."

పేరు పోయినవాళ్ళకి పేరు ఆశ చూపిస్తే ఏం చేస్తారు చెప్పు. పోసింది.

నూట నలభై. నూట అరవై. ఫ్లాస్కు ఖాళీ అయితే కళ్ళు కుండ మీదే ఉంచి, తడుముకుని క్యానులోంచి నింపుకుంది. నూట డెబ్బై. పొగ మోకాళ్ళ దాకా వచ్చింది. నూట డెబ్బై ఒకటి. నడుం దాకా వచ్చింది. నూట డెబ్బై ఒకటిన్నర. ఇంకా పొయ్యి. ఇంకా. తల తేలికయింది. ఒంట్లో ఎక్కడో హాయిగా ఉంది, సౌనా ఆవిరి గదిలో పై మెట్టు మీద కూర్చున్నట్టు. చలి తెలియడం లేదు. కిటికీలోంచి ఇందాకటి దాకా నా కోళ్ళ చప్పుడు వినబడేది, ఇప్పుడు వినబడటం లేదు. ఎందుకో అనుకుంది. అనుకున్నది మధ్యలోనే మర్చిపోయింది.

"ఏమే, నిద్రపోతున్నావా?"

"లేదురా..."

"పొయ్యి."

పోసింది. అప్పుడు కుండలోకి చూసింది. చూస్తూనే ఉంది కదా ఇంతసేపూ, కానీ ఇప్పుడు చూసింది.

కుండ నిండా ద్రవం. కదలడం లేదు. బుస లేదు. బుడగ లేదు. నూతిలో నీళ్ళలా నిశ్చలంగా ఉంది.

చిప్పు పనిచేస్తుంటే అలా ఉండదు. కింద నిప్పు ఉన్నంతసేపూ పైన కుతకుతలాడాల్సిందే. అలా పడుకుందంటే కింద వేడి లేదు. మిషను ఆగిపోయింది. ఫ్యాను గిర్రుమనడం కూడా లేదు... ఎప్పుడు ఆగింది?

పదకొండేళ్ళలో మొదటిసారి, ధార మధ్యలో, హిల్కా తల ఎత్తి స్క్రీన్ చూసింది.

నల్లగా ఉంది. దాని మీద మంచు పువ్వులు పూశాయి. కీబోర్డు మీద కూడా. ఒక్కో మీట మీద తెల్లటి నూగు. ఎప్పుడో ఆగిపోయింది. ఆ నూగు అంత దట్టంగా పట్టాలంటే చాలాసేపై ఉండాలి. గూట్లో ఫోను కూడా చలికి ఆరిపోయి ఉంది.

"నూట డెబ్బై రెండు," అంది గొంతు.

"ఏం చదువుతున్నావురా?" హిల్కా నాలుక మొద్దుబారింది. "స్క్రీన్... ఆరిపోయింది."

తరవాత గొంతు దగ్గరికి వచ్చింది. చాలా దగ్గరికి. చెవి తమ్మె మీద చల్లగా తగిలింది.

"ముప్పై ఆరు."

మైనస్ కాదు. ఆ గదిలో అంత వెచ్చగా ఉన్నది ఏముంది... ఏముంది...

"ముప్పై అయిదున్నర."

అప్పుడర్థమైంది ఆవిడకి. వాడు తన ఒంటి వేడినే చదువుతున్నాడు.

"ముప్పై అయిదు. బాగా దిగుతోంది. పొయ్యి, హిల్కా. నేనున్న చోట చలి. ఎవరూ పొయ్యరు. ఎవరూ చదవరు."

ఫ్లాస్కు వదిలేసింది. వదల్లేదు, చెయ్యి విప్పుకుంది. తలుపు వైపు తిరిగింది. దుంగ అడ్డం లేదు. దుంగ మిషను పక్కన, బల్ల మీద, ఎవరో జాగ్రత్తగా పెట్టినట్టు నిలబెట్టి ఉంది. తలుపు మూసి ఉంది. కిటికీ మూసి ఉంది. రెండడుగులు వేసింది. పొగలో పడింది. ఆ ఊపిరాడని గాలి కిందే ఎక్కువ ఉంటుందని ఆవిడకి తెలుసు. లేవాలని తెలుసు. పాకింది. గడియ మీద చెయ్యి వేసింది. గడియ ఇనుముకి అరచెయ్యి అంటుకుపోయింది... లాగితే రాలేదు.

"ముప్పై నాలుగున్నర," అంది వెనకాల గొంతు. తృప్తిగా.

అప్పటికి నేను వాకిట్లో ఉన్నాను. ట్రేలో మూడు కప్పులు, ఏలకుల బన్నులు. మూడెందుకంటే, లోపల మగ గొంతు వినబడింది కదా, పోనీలే పిల్ల దగ్గరికి ఎవరో వచ్చారు, మళ్ళీ మనుషుల్లో పడుతోంది అని సంతోషపడ్డాను. తలుపు లాగితే రాలేదు. గోడకి కాలు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజాను. తలుపు ఊడి నది దాటి అవతలి ఒడ్డున పడింది. సరే, వాకిట్లోనే పడింది, ఒట్టు వేశాను కదా. దాంతో పాటు హిల్కా కూడా, గడియకి వేలాడుతూ.

జుట్టు పట్టుకుని మంచులోకి ఈడ్చుకొచ్చాను. పెదాలు నేరేడు పళ్ళలా ఉన్నాయి. చెంపలు వాయించాను. వేడి కాఫీ గడియ మీద పోసి చెయ్యి విడిపించాను. ఒక్కో ఊపిరీ బావిలోంచి నీళ్ళు తోడినట్టు వచ్చింది.

ఆవిడ ఊపిరి తీస్తున్నంతసేపూ పాలగదిలోంచి గొంతు వినబడుతూనే ఉంది. నేను నా రెండు చెవులతో విన్నాను.

"ముప్పై అయిదు... ముప్పై అయిదున్నర... ముప్పై ఆరు..."

పెరుగుతున్నకొద్దీ ఆ గొంతు నీరసపడింది. అలిగిన పిల్లాడి గొంతులా అయింది. ముప్పై ఆరున్నర అన్నాక ఇక ఏమీ అనలేదు. లోపల ఎవరో బెంచీ మీద కూలబడిన చప్పుడు అయింది. ఆ గదిలో బెంచీ లేదు.

ఆసుపత్రివాళ్ళు పంపేశాక హిల్కా పోటీలు నడిపేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. మేలిమి చిప్పు సంగతి, అబద్ధపు అంకె సంగతి. సాక్ష్యం ఏదన్నారు. వీడియో లేదు. చచ్చినవాడు వచ్చి చెప్పాడంటే వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గాలి అందక మెదడుకి ఏవో తోచాయి, పాపం, అన్నారు. మళ్ళీ ఆ పాపం. వాడు చేసిన ద్రోహం నిజమని తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే, ఒకరు ఆవిడ, ఒకరు నేను. నా మాట ఎవరు నమ్ముతారు చెప్పు, నేను కాస్త ఎక్కువ చేసి చెబుతానని పేరు.

ఇంకోటి కూడా జరిగింది. ఆవిడ నా ఎదురుగా కూర్చుని ఇదంతా చెబుతూ కప్పు ఎత్తింది. కప్పు సాసర్ మీద టకటకలాడింది. ఆ రోజు అరచేతి చర్మంతో పాటు ఇంకేదో కూడా ఆ గడియకి అంటుకుపోయింది. ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. వాడు చెప్పిన అబద్ధాన్ని వాడే నిజం చేసి పోయాడు. లేతు పని మానేసింది. ఇప్పుడు స్టోరులో పెట్టెలు సర్దుతోంది.

నేను మాత్రం ఆ గది ఊడ్చి, మిషను గోనెలో కట్టి అటక మీద పడేశాను. క్యాను ఒక్కటే అక్కడ మిగిలింది. హిల్కా దాన్ని ముట్టుకోనంది. ఖాళీదే కదా, పోనీలే అనుకున్నాను. చివరి చుక్క దాకా ఆ రోజే పోసేసింది కదా. ఒకవేళ కాస్త మిగిలినా ఆ ద్రవం నిలవ ఉండదు, మూత ఎంత బిగించినా రోజురోజుకీ గాల్లో కలిసిపోతుంది. ఎద్దు విత్తనం డాక్టరు అందుకే పదే పదే నింపుకునేవాడు.

మొన్న జరపబోతే కదల్లేదు. అంచుల దాకా నిండిన బరువు. పైన మంచు పట్టలేదు, ఆవిరి లేదు. పక్కన చెయ్యి ఆనించాను. అమ్మాయ్, అది వెచ్చగా ఉంది. అప్పుడే పాలు పితికిన ఆవు పొట్ట మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో, అచ్చం అలా. లోపల ఏదో పక్కకి ఒత్తిగిలింది.

కాఫీ తాగేశావా? అయితే నాకొక పని చేసి పెట్టు, నా మోకాళ్ళు ఇవాళ అసలు లేవడం లేదు. వాకిలి దాటి పాలగదిలోకి వెళ్ళి, ఆ క్యాను మీద అరచెయ్యి ఆనించి చూసి రా. ఇంకా వెచ్చగానే ఉందో, చల్లబడుతోందో చెబితే చాలు. మూత మాత్రం తియ్యకు. బయటనుంచి హిల్కా పిలిచి తియ్యమన్నా తియ్యకు.

హిల్కా ఈ వారం ఊళ్ళో లేదు.